ఇంజిన్ ఆయిల్ ఎంత ఆక్సిడైజ్ అయిందో ల్యాబ్‌లో కొలవడం ఎలా?

ఆయిల్‌ను వారం రోజులు కాచాక ఎఫ్‌టీఐఆర్ (ఆయిల్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) దగ్గర అయిదు నిమిషాలు తొందరపడితే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ పరీక్షలో తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. ముందున్న పనులు చకచకా చెప్పుకుందాం.

బోరోసిలికేట్ ట్యూబు, హీటింగ్ బ్లాక్, ఫ్లోమీటరు, ట్యూబు పైన కండెన్సరు, ఎఫ్‌టీఐఆర్‌లో ఆయిల్‌ను పలచని పొరగా పట్టి ఉంచే 0.1 మి.మీ. లిక్విడ్ సెల్ ఉంటే చాలు. ట్యూబు గోడకు పాత వార్నిష్ చార కనిపిస్తే ఆ ట్యూబు వాడొద్దు. ఆ పొర కొత్త ఆయిల్‌ను గడువుకు ముందే చెడగొడుతుంది.

ట్యూబులో 150 గ్రా. ఆయిల్ పోసి, ఉత్ప్రేరకంగా 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో 100) ఇనుము, అంటే 15 మి.గ్రా., ఐరన్ అసిటైల్‌అసిటోనేట్ రూపంలో కలపండి. ఆ లవణం బరువులో ఇనుము 15.8 శాతమే, కాబట్టి తూచాల్సింది 95 మి.గ్రా. లెక్క వేయకుండా 15 మి.గ్రా. వేసి, ఆయిల్ బ్రహ్మాండంగా నిలబడిందని మురిసిపోవడం మామూలే. ఆయిల్ 160 డిగ్రీల దగ్గర ఉండాలి, సిలికా జెల్ గుండా వచ్చిన పొడి గాలి గంటకు 10 లీటర్ల చొప్పున అడుగు నుంచి బుడగలుగా రావాలి. బ్లాక్ మీద కనిపించే అంకెను నమ్మకండి, థర్మామీటరు ఆయిల్‌లోనే మునగాలి. పది డిగ్రీలకు వేగం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి 3 డిగ్రీల తేడాకే 20 శాతానికి పైగా మారిపోతుంది. బయటికొచ్చే ఆవిరి ఫ్యూమ్ హుడ్‌లోకే పోవాలి.

0, 48, 96, 120, 144, 168 గంటలకు 3 మి.లీ. చొప్పున శాంపిల్ తీయండి. స్నిగ్ధత (చిక్కదనం) కొలవడానికి ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి దానికి వేరే ట్యూబులు పెట్టండి. ఒకే ట్యూబులోంచి మాటిమాటికీ 15 మి.లీ. లాగితే మిగిలిన కాస్త ఆయిల్‌కు గాలి పాలు పెరిగి, చివరి రోజుల్లో లేని వేగం కనిపిస్తుంది. ఇన్ని శాంపిళ్లు ఎందుకంటే, యాంటీఆక్సిడెంట్లు ఉన్నన్నాళ్లూ ఆక్సీకరణ గీత నేలబారుగా సాగి, అవి అయిపోగానే పైకి లేస్తుంది. చివరి శాంపిల్ ఒక్కటే చూస్తే ఆ మలుపు దొరకదు.

రెండు గంటల్లో ముగిసే ప్రెషర్ డీఎస్‌సీ (ఒత్తిడిలో ఆయిల్‌ను వేడిచేసి, వెలువడే వేడిని కొలిచే పరీక్ష) ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. అందులో వేసేది 3 మి.గ్రా. ఆయిల్, వచ్చేది ఒక్క ఇండక్షన్ టైమ్, అంటే ఆక్సీకరణ ఊపందుకునే దాకా పట్టిన సమయం. ఆయిల్ చిక్కబడిందా, ఆమ్లం ఎంత పెరిగింది అన్నది అది చెప్పదు. యాడిటివ్‌లను వడపోయడానికి అది చాలు, ఆయిల్ మీద తీర్పుకు చాలదు.

ఇక ఎఫ్‌టీఐఆర్

ముందు సెల్ మందం సరిచూడండి. లేబుల్ మీద 0.1 మి.మీ. అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఖాళీ సెల్ స్పెక్ట్రమ్ తీసి, 2000 నుంచి 1000 తరంగ సంఖ్య మధ్య అలలు లెక్కపెట్టండి. సరిగ్గా 0.1 మి.మీ. అయితే 20 వస్తాయి. 22 వస్తే మందం 0.11, లెక్కలో అదే వాడాలి.

పోలికకు తాజా ఆయిల్ అదే బ్యాచ్‌ది కావాలి. పేరు, గ్రేడు ఒకటేనని వేరే డబ్బాలోది తెస్తే యాడిటివ్ మోతాదుల తేడా కూడా ఆక్సీకరణ లెక్కలో కలుస్తుంది. ముందు తాజాది, తర్వాత గంటల వరుసలో, అన్నిటికన్నా ముదిరింది ఆఖర్న. చివర్లో తాజాదాన్ని మళ్లీ తీయండి. రెండు తాజా స్పెక్ట్రాలు కలవకపోతే సెల్ శుభ్రం కాలేదన్నమాట, మధ్యలోవన్నీ అనుమానమే.

సిరంజితో కింది రంధ్రం నుంచి నింపితే బుడగ పైకి పోతుంది. కిటికీకి ఒక పక్కన అంటుకున్న ఆవగింజంత బుడగ చాలు, బేస్‌లైన్ వాలిపోవడానికి. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో ఆ వాలు మసి వల్ల రావచ్చు. గాజు ట్యూబులో మండేదేమీ లేదు కాబట్టి ఇక్కడ తప్పు బుడగదో, సెల్‌దో. చిక్కబడిన ఆయిల్‌ను హెప్టేన్‌తో పలచన చేయకండి, సిరంజిని కాస్త వెచ్చచేసి నింపి, చల్లారాక కొలవండి.

కాచిన ఆయిల్ స్పెక్ట్రమ్‌లోంచి తాజాదాన్ని తీసివేసేటప్పుడు గుణకం కచ్చితంగా 1.00. సాఫ్ట్‌వేర్‌లోని ఆటో బటన్ గీతను అందంగా చేయడానికి గుణకాన్ని మార్చేస్తుంది, దాంతో ఆక్సీకరణకు గుర్తయిన కార్బొనిల్ శిఖరం కూడా తగ్గిపోతుంది. తేడా స్పెక్ట్రమ్‌లో 1970 దగ్గర బేస్‌లైన్ పెట్టి, 1710 దగ్గర ఎత్తు చదివి, సెం.మీ.లలో మందంతో భాగించండి. ఎత్తు 0.18, మందం 0.01 అయితే ఫలితం సెం.మీ.కు 18.

ఆయిల్‌లో ఎస్టర్ ఉంటే ఈ అంకెను నమ్మొద్దు. 1740 దగ్గర ఎస్టర్ శిఖరం ముందే ఆకాశాన్నంటి ఉంటుంది. తీసివేశాక మిగిలేది గోల, ఒక్కోసారి గుంట. అలాంటి ఆయిల్‌కు ఆమ్ల సంఖ్య (ఆయిల్‌లో ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత), స్నిగ్ధతలే గతి.

ఆమ్ల సంఖ్యకు టొలుయీన్, ఐసోప్రొపనాల్, కొద్దిగా నీరు కలిపిన ద్రావణిలో పొటాషియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్ చేయండి. జెడ్‌డీడీపీ అనే జింక్ యాడిటివ్ వల్ల తాజా ఆయిల్‌కే కొంత ఆమ్ల సంఖ్య ఉంటుంది, కాబట్టి పెరుగుదలే రాయాలి. స్నిగ్ధత 40, 100 డిగ్రీలు రెండింటి దగ్గరా తీయండి. ఆయిల్ ముద్దకట్టి క్యాపిల్లరీలో దిగకపోతే బలవంతం చేయకుండా, ఎన్నో గంట శాంపిలో రాసి, ఎదురుగా ‘కొలవలేనంత చిక్కబడింది’ అని నమోదు చేయండి.