పురుగు పొడి మేత: చేప తింటోంది, బరువు రావట్లేదు. ఎందుకు?

చేప ఎదగకపోతే చాలు, అందరి చెయ్యీ విటమిన్ డబ్బా మీదకే పోతుంది. అంతకంటే ముందు తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ చూడండి, మేత బస్తా మీద తయారీ తేదీ చూడండి. ఈ రెండూ చూడకుండా ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ.

తింటోంది, బరువు లేదు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ల్యాబ్‌లో మామూలుగా ప్రొటీన్‌ని నేరుగా కొలవరు. నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. పురుగు పెంకులోని కైటిన్‌లోనూ నైట్రోజన్ ఉంటుంది. అది ప్రొటీన్ కాదు, చాలా చేపలకు సరిగా అరగదు కూడా. అయినా లెక్కలో ప్రొటీన్ కిందే పడిపోతుంది. బ్లాక్ సోల్జర్ ఫ్లై (మేత పొడికి పెంచే ఒక రకం ఈగ) లార్వాకి 6.25 బదులు పరిశోధకులు తేల్చిన సంఖ్య 4.76. లేబుల్ మీద 42 శాతం ఉందనుకోండి. 6.25తో భాగిస్తే 6.72, దాన్ని 4.76తో గుణిస్తే 32. మిగతా పది కాగితం మీదే ఉంది.

ఫిష్‌మీల్ (చేపల పొడి) బదులు పురుగు పొడి కొంచెమే కలిపినప్పుడు తేడా తెలియదు. వాటా పెంచాక తెలుస్తుంది, అప్పుడు అనుమానం విటమిన్ల మీదకు పోతుంది. మేతని మళ్లీ ల్యాబ్‌కి పంపితే? అక్కడా అదే 6.25, మళ్లీ అదే 42. "మేత బాగానే ఉంది" అని రిపోర్టు చేతికొస్తుంది!

ఏం చేయాలి: అమ్మినవాళ్లని అమైనో ఆమ్లాల రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే 4.76 లెక్కతో ఫార్ములా మళ్లీ కట్టండి. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఎలాగూ తక్కువ పడుతుంది, విడిగా కలపండి. అయినా కదలకపోతే పురుగు పొడి వాటా తగ్గించండి. మేత మాత్రం పెంచొద్దు, నీరు పాడవుతుంది.

చేప పిల్లల వెన్ను వంకర

ఇక్కడ విటమిన్ సి మీద అనుమానం న్యాయమే. పెంపకంలో ఉండే చాలా చేపలు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం మేత తయారీ వేడికి, నిల్వకి చాలావరకు పోతుంది. ఫాస్ఫేట్ రూపంలో ఉన్నది వాడండి. పొడిని మేత మీద ఉత్తగా చల్లితే చెరువు నీళ్లకే విటమిన్. నూనెతో పట్టించాలి. కోలిన్ క్లోరైడ్ కలిసిన ప్రీమిక్స్ (ముందే కలిపిన విటమిన్ల పొడి) నెలలకొద్దీ నిల్వ పెట్టొద్దు, అది తేమ పీల్చి మిగతా విటమిన్లని తినేస్తుంది. ఒంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు. కొత్తగా ఒంగకుండా చూసుకోవడమే.

బస్తా విప్పగానే పాత నూనె వాసన

పారేయండి. విటమిన్ ఇ కలిపి బాగు చేద్దామనే ఆలోచన వద్దు.

థయమిన్ (విటమిన్ బి1) లోపం అంటూ ఎవరైనా టెన్షన్ పెడితే, పచ్చి చేపల్ని మేతగా వేస్తున్నారా అని అడగండి, కొన్ని పచ్చి చేపల్లో దాన్ని పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది. లేదంటే దాన్ని వదిలేయొచ్చు.