ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోయారా? పాతది అడగకండి, దరఖాస్తు ఇలా పెట్టండి

మొన్న దేవరకొండ నుంచి ఒక రిటైర్డ్ మేడం పొద్దున్నే బస్సెక్కి నల్లగొండలో కాలేజీ మెయిల్ సర్వర్ చూసే మా దగ్గరికి వచ్చారు. పెన్షన్ కాగితాల మెయిల్ ఒకటి కాలేజీ ఐడీకి వచ్చి ఉంది, తెరుద్దామంటే పాస్‌వర్డ్ గుర్తు లేదు. "నా పాత పాస్‌వర్డ్ ఏందో చూసి చెప్పు బిడ్డా, మీ దగ్గర ఉంటది గదా" అన్నారు. అంతకుముందు రెండుసార్లు వచ్చి దరఖాస్తు ఇచ్చి పోయారంట, రెండూ కదల్లేదు. తీసి చూస్తే రెండింటిలోనూ "నా పాత పాస్‌వర్డ్ తెలుపగలరు" అని రాసి ఉంది. అది ఎవరూ తెలుపలేరు, ఆ మాట ఆమెకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే రెండు ప్రయాణాలు తప్పేవి. అందుకే ఇది రాస్తున్నాను.

సరిగ్గా నడిపే మెయిల్ సర్వర్‌లో మీ పాస్‌వర్డ్ ఉండదు, దాని హ్యాష్, అంటే లెక్కతో మార్చేసిన, వెనక్కి తిప్పలేని రూపం మాత్రమే ఉంటుంది. గిర్నీలో జొన్నలు పట్టించాక ఆ పిండిలోంచి మళ్లీ జొన్నలు తీయలేం కదా, ఇదీ అంతే. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ మీరిచ్చిన పాస్‌వర్డ్‌ను సర్వర్ అప్పటికప్పుడు అదే పద్ధతిలో పట్టి, దాచుకున్న పిండితో పోల్చి చూస్తుంది. పట్టే ముందు ఒక్కొక్కరికి వేరే వేరే సాల్ట్, అంటే కొన్ని అడ్డదిడ్డమైన అక్షరాలు కలుపుతుంది కాబట్టి ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా హ్యాష్‌లు కలవవు. సర్వర్ చూసే అడ్మిన్ ఆ హ్యాష్‌ల ఫైల్ తెరిచినా ఆయనకు కనిపించేది డాలర్ గుర్తుతో మొదలయ్యే అర్థంకాని అక్షరాల వరస, బీక్రిప్ట్ అనే హ్యాష్ పద్ధతి అయితే 60 అక్షరాలు. ఇది మీ మంచికే, రేపు ఆ ఫైల్ దొంగల చేతికి పోయినా మీ పాస్‌వర్డ్ నేరుగా వాళ్లకు దొరకదు.

దరఖాస్తు రాసే ముందు పాత కంప్యూటర్ ఒకసారి చూడండి. థండర్‌బర్డ్ అనే మెయిల్ యాప్‌లో మెయిల్ పెట్టుకుని ఉంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సేవ్డ్ పాస్‌వర్డ్స్ అని ఉంటుంది, అక్కడ కనిపిస్తే ఇక దరఖాస్తే అక్కర్లేదు. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: మీ ఐడీ పీఓపీ పద్ధతిలో (మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టి ఉంటే పాత మెయిళ్లు సర్వర్‌లో లేకుండా ఆ కంప్యూటర్‌లోకే దిగిపోయి ఉండొచ్చు. అప్పుడు పాస్‌వర్డ్ మార్చినా అవి సర్వర్‌లో కనపడవు. ఆ సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టనివ్వకండి. థండర్‌బర్డ్ అయితే ప్రొఫైల్ ఫోల్డర్, అవుట్‌లుక్ అయితే మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైల్, ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి.

ఇక దరఖాస్తు. తెల్ల కాగితం మీద చాలు, ఆఫీసు హెడ్ పేరు మీద రాయండి. విషయం దగ్గర "అధికారిక ఈ-మెయిల్ పాస్‌వర్డ్ రీసెట్ కోరుట గురించి" అని స్పష్టంగా పెట్టండి. లోపల ఇట్లా రాస్తే సరిపోతుంది: "అయ్యా, నేను ఫలానా విభాగంలో ఫలానా హోదాలో పనిచేస్తున్నాను. నా ఉద్యోగి నంబర్ ఇది, నా అధికారిక ఈ-మెయిల్ ఇది. పాస్‌వర్డ్ మరచిపోయినందున మెయిళ్లు చూడలేకపోతున్నాను. పాత మెయిళ్లు అలాగే ఉంచి కొత్త పాస్‌వర్డ్ ఇప్పించగలరు. మొబైల్ నంబర్ ఇది." ఐడీ కార్డు జిరాక్స్ జత చేయండి, రిటైరైనవాళ్లు పెన్షన్ కాగితం జిరాక్స్ పెట్టండి. హెడ్ సంతకం, ముద్ర పడ్డాకే అది సిస్టమ్స్ చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఫోన్ చేసి "నేనే, మార్చెయ్" అంటే మేం మార్చకూడదు, ఎందుకంటే రేపు ఇంకెవరో మీ పేరు చెప్పి అదే మాట అనొచ్చు. పాత పాస్‌వర్డ్ ఇదేమోనని ఊహించి కాగితం మీద అస్సలు రాయకండి. ఇచ్చిన రోజే రిసీవ్డ్ అని తేదీ వేయించుకోండి.

"పాత మెయిళ్లు అలాగే ఉంచి" అనే మాట ఊరికే పెట్టింది కాదు. మామూలుగా రీసెట్ చేస్తే మెయిళ్లకు ఏమీ కాదు. కానీ కొన్ని సర్వర్లలో మెయిళ్లను కూడా యూజర్ పాస్‌వర్డ్‌తోనే తాళం వేసి దాస్తారు, అక్కడ రీసెట్ కొడితే పాతవి తెరుచుకోకపోవచ్చు. మార్చే ముందే అడ్మిన్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఐడీ మీ పేరు మీద కాకుండా హోదా మీద ఉంటే సంగతి వేరు, అది కుర్చీది. బదిలీ అయితే తర్వాత వచ్చినవాళ్లకు అప్పగించాలి, దాని కోసం దరఖాస్తు ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవాళ్లే పెట్టాలి. జీఓవీ డాట్ ఇన్ ఐడీ ఉన్నవాళ్లకు కాలేజీ సర్వర్‌తో సంబంధం లేదు, వాళ్లది ఎన్‌ఐసీ, అంటే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ చూస్తుంది. దారి తెలియకపోతే కలెక్టరేట్‌లో ఉండే ఎన్‌ఐసీ జిల్లా ఆఫీసులో అడగండి.

కొత్త పాస్‌వర్డ్ చేతికొచ్చాక చాలామంది ఆగిపోయేది ఇక్కడ. మెయిల్ యాప్‌లో "ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్" అని ఒకటి కనిపిస్తుంది, పేరు చూసి అదే భద్రం అనుకుని పెడతారు, లాగిన్ కాదు, మళ్లీ మాకు ఫోన్. అది వాడే సీఆర్‌ఏఎం-ఎండీ5 లాంటి పద్ధతికి అసలు పాస్‌వర్డో, ఆ పద్ధతి కోసమే తయారుచేసిన ప్రత్యేక రూపమో సర్వర్ దగ్గర ఉండాలి. మామూలు హ్యాష్ మాత్రమే ఉన్న సర్వర్‌లో అది నడవదు. "నార్మల్ పాస్‌వర్డ్" పెట్టండి, భయం లేదు, కానీ కనెక్షన్ సెక్యూరిటీ తప్పకుండా ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (దారి మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) ఉండాలి. అప్పుడు పాస్‌వర్డ్ వెళ్లే దారంతా మూసి ఉంటుంది. పోర్టు నంబర్ మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి చూపే ఐమ్యాప్‌కు 993, పీఓపీకి 995. సెక్యూరిటీ "నన్" (None, అంటే ఏమీ లేదు) అని ఉంటే మాత్రం పాస్‌వర్డ్ కొట్టకండి. యూజర్‌నేమ్ దగ్గర చాలాచోట్ల మొత్తం మెయిల్ ఐడీ ఇవ్వాలి. వీలైతే ఐమ్యాపే పెట్టుకోండి, మెయిళ్లు సర్వర్‌లోనే ఉంటాయి, ఫోన్ పోయినా టెన్షన్ ఉండదు.

యాప్‌లో పెట్టే ముందు, బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌మెయిల్‌లో లాగిన్ అయ్యి, వాళ్లిచ్చిన తాత్కాలిక పాస్‌వర్డ్‌ను మీ సొంతానికి మార్చుకోండి. ఆ తర్వాత ఇంట్లో ఫోను, స్టాఫ్‌రూం కంప్యూటర్, పిల్లల ట్యాబ్, ఎక్కడెక్కడ ఆ ఐడీ ఉందో అన్నిచోట్లా అదే రోజు కొత్తది కొట్టండి. ఒక్కచోట పాతది మిగిలినా అది నిమిష నిమిషానికి తప్పు పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతూనే ఉంటుంది. సర్వర్ దాన్ని దొంగ ప్రయత్నం అనుకుని ఆ ఇంటర్నెట్ కనెక్షన్‌నే ఆపేస్తే, అదే వైఫై మీద ఉన్న స్టాఫ్‌రూం అందరికీ మెయిల్ ఆగిపోతుంది. అట్లా అయితే అడ్మిన్‌కు చెప్పి బ్లాక్ తీయించుకోండి, దానికి కొత్త దరఖాస్తు అక్కర్లేదు.