ల్యాబ్‌లో పాసైన టెస్టు ఫీల్డ్‌లో ఫెయిలైతే

పరాన్నజీవుల జబ్బులకు టెస్టులు తయారుచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులివి. ఫలితాలు తేడా వస్తే వెంటనే యాంటిజెన్ (టెస్టులో వాడే పరాన్నజీవి ప్రోటీన్) మార్చేయకండి. ముందు శాంపిల్‌నీ, పోలికకు వాడిన పాత పద్ధతినీ అనుమానించండి.

సమస్య: ఒక ప్రాంతంలో బాగా పనిచేసిన స్ట్రిప్పు, ఇంకోచోట రోగుల్ని వదిలేస్తోంది.
కారణం: అక్కడి పరాన్నజీవిలో ఆ ప్రోటీన్ కాస్త వేరుగా ఉండొచ్చు, అక్కడి రోగుల్లో యాంటీబాడీలు తక్కువగా ఉండొచ్చు. కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బు టెస్టుల్లో వాడే ఆర్‌కె39 అనే యాంటిజెన్ ఇందుకు మంచి ఉదాహరణ. బ్రెజిల్‌లో దొరికిన పరాన్నజీవి నుంచి తీసిన ఈ యాంటిజెన్ భారత ఉపఖండంలో చక్కగా పనిచేస్తుంది, తూర్పు ఆఫ్రికాలో మాత్రం అంత నమ్మకంగా ఉండదు.
పరిష్కారం: ఒకటి కంటే ఎక్కువ ప్రోటీన్ల ముక్కలు కలపండి (కాలా అజార్‌కే వాడే ఆర్‌కె28 అలా వచ్చిందే). టెస్టు వాడబోయే ప్రతి ప్రాంతం సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) మొదటి రోజు నుంచే మీ ప్యానెల్‌లో, అంటే టెస్టును సరిచూసే శాంపిళ్ల సెట్టులో ఉండాలి. ఆఖర్లో చేర్చితే చేసిన పనంతా మళ్లీ మొదలుపెట్టాలి.

సమస్య: జబ్బు తగ్గినవాళ్లకూ పాజిటివ్ వస్తోంది.
కారణం: యాంటీబాడీలు నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి రక్తంలో ఉంటాయి.
పరిష్కారం: కటాఫ్ (పాజిటివ్ అనడానికి పెట్టుకున్న హద్దు) ఎంత సర్దినా లాభం లేదు. రోగి శాంపిల్‌లో పరాన్నజీవి యాంటిజెన్‌నో డీఎన్‌ఏనో పట్టే టెస్టు చూడండి, లేదంటే మీ టెస్టు కొత్త రోగులకే అని స్పష్టంగా రాయండి.

సమస్య: ఆ జబ్బు లేనివాళ్లలో పాజిటివ్‌లు ఎక్కువ.
కారణాలు రెండు. మొదటిది వేరే పురుగుల గోల. బోదకాలు యాంటిజెన్ స్ట్రిప్పు, మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే మరో పురుగు ఒంట్లో బాగా ఉన్నవాళ్లలో కూడా గీత చూపించగలదు. రెండోది ఉత్త లెక్క. 10,000 మందిలో 10 మందికే జబ్బు ఉంటే, 98 శాతం స్పెసిఫిసిటీ ఉన్న (జబ్బు లేని 100 మందిలో 98 మందిని సరిగ్గా నెగటివ్ అనే) టెస్టు కూడా దాదాపు 200 మందిని తప్పుగా పాజిటివ్ అంటుంది. జబ్బు తగ్గుముఖం పట్టిన చోట ఇదే అసలు టెన్షన్.
పరిష్కారం: అదే ప్రాంతంలో ఉండే ఇతర పురుగుల శాంపిళ్లతో పరీక్షించండి. పాజిటివ్‌లను వేరే సూత్రంతో పనిచేసే రెండో టెస్టుతో ఖాయం చేసుకోండి.

సమస్య: మైక్రోస్కోప్ నెగటివ్, మీ టెస్టు పాజిటివ్.
కారణం: తప్పు మైక్రోస్కోప్‌ది కావచ్చు. కాటో-కాట్జ్ స్లైడ్‌లో (మలాన్ని పరిచి పురుగు గుడ్లు వెతికే పద్ధతి) గ్లిజరిన్ వల్ల కొంకిపురుగు గుడ్లు కాసేపటికే కనిపించకుండా పోతాయి. బోదకాలు మైక్రోఫైలేరియా (పురుగు పిల్ల) చాలాచోట్ల రాత్రిపూటే రక్తంలోకి వస్తుంది, పగలు తీసిన రక్తంలో వెతికితే ఏం దొరుకుతుంది?
పరిష్కారం: కొంకిపురుగుల స్లైడ్‌ను 30 నుంచి 60 నిమిషాల్లో చదవండి. బోదకాలుకైతే రక్తం రాత్రి 10 తర్వాత తీయండి. ఒక్క పద్ధతినే ప్రమాణంగా పెట్టుకోకండి.

సమస్య: మలం శాంపిల్‌పై పీసీఆర్ (డీఎన్‌ఏను పెంచి పట్టే టెస్టు) మొండికేస్తోంది.
ఇంటర్నల్ కంట్రోల్ (పీసీఆర్ పనిచేస్తోందో లేదో చూడటానికి కలిపే డీఎన్‌ఏ) కూడా రాకపోతే మలంలోని పిత్త లవణాల వంటివి అడ్డుపడుతున్నట్టే. డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి చూడండి. శాంపిల్ వేయని ట్యూబ్ కూడా పాజిటివ్ అయితే కంటామినేషన్, అంటే బయటి డీఎన్‌ఏ కలిసిందన్నమాట. మిక్స్ కలిపే గది, పీసీఆర్ అయిపోయిన ట్యూబులు తెరిచే గది వేరుచేయండి.

సమస్య: కార్డుపై అరకొర గీత.
పౌచ్‌లోకి తేమ చేరిందేమో, చెప్పిన సమయం దాటాక చదివారేమో చూడండి. బోదకాలు స్ట్రిప్పును 10 నిమిషాలకే చదవాలి, ఆ తర్వాత తేలిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు.