కార్డ్‌లెస్ నెయిల్ గన్: రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకుని కొట్టండి

కంప్రెసర్ గాలితో మేకులు కొట్టే ఎయిర్ గన్‌లో ఒక సుఖం ఉంది. పైపు ఊడదీస్తే గాలి పోతుంది, గన్ను ఆగిపోతుంది, ఊడదీశారో లేదో గదికి అవతల నిలబడ్డ మనిషికి కూడా కనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే కార్డ్‌లెస్ గన్‌లో అలాంటి గుర్తేమీ ఉండదు. టేబుల్ మీద చప్పుడు లేకుండా పడి ఉన్నా సరే, లోపల బ్యాటరీ, పిన్నులు (సన్నటి మేకులు) ఉన్నాయంటే అది కొట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే. కంప్రెసర్ మోత లేదు, కాళ్లకు పైపు అడ్డం పడదు కాబట్టి ఇంటీరియర్ పని చేసేవాళ్లూ, ఇంట్లో చిన్నాచితకా పనులు సొంతంగా చేసుకునేవాళ్లూ దీనివైపు వస్తున్నారు, రావడం మంచిదే. అయితే దీన్ని పట్టుకునే పద్ధతి మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే పని మీద పడ్డాక, అదీ వంద పిన్నులు గబగబా కొట్టాల్సి వచ్చినప్పుడు, ఆలోచించి చేసే టైం ఉండదు, చేతికి ఏది అలవాటైతే అదే చేస్తుంది.

ఇక్కడ నేను చెప్పేది ఎక్కువగా 18 గేజి బ్రాడ్ గన్ గురించి. బీడింగులు (అంచు పట్టీలు), స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), వార్డ్‌రోబ్ వెనక ప్లై, డ్రాయర్ అడుగులు, ఇలాంటి వాటికి వాడేది. మన దగ్గర ఎఫ్30 ఎయిర్ గన్ చేసే పనే ఇదీ చేస్తుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు బేస్‌బోర్డులకు వాడేది కూడా దాదాపు ఇదే. కంచెలకు, డెక్కులకు వాడే పెద్ద ఫ్రేమింగ్ గన్ బలం వేరు, దాని మేకులు వేరు. జాగ్రత్తలు మాత్రం అవే, ఇంకాస్త ఎక్కువే.

పిన్ను సన్నంగా ఉందని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో 2001 నుంచి 2005 వరకు ఏడాదికి సగటున 37,000 మంది దాకా నెయిల్ గన్ గాయాలతో ఎమర్జెన్సీకి వెళ్లారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క తేల్చింది. అందులో 14,800 మంది దాకా మామూలు వినియోగదారులే, అంటే ఉద్యోగంగా కాకుండా సొంత పనికి వాడుకున్నవాళ్లు. గాయాల్లో సగానికి పైగా చేతులకు, వేళ్లకు తగిలినవే. గన్ను పట్టుకున్న చెయ్యి దాని వెనక ఉంటుంది కాబట్టి, పని ముక్కను పట్టుకున్న రెండో చెయ్యి గురించే ఎక్కువ ఆలోచించాలి.

ఇది ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూద్దాం. 18 మి.మీ. ప్లై అంచుకి సన్నటి టేకు బీడింగ్ పెట్టారు. ఫెవికాల్ తడిగా ఉంది, పట్టీ జారుతోంది. అందుకని ఎడమచేతి బొటనవేలు పట్టీ మీద, చూపుడువేలు ప్లై అడుగున పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నారు, గన్ను ముక్కు బొటనవేలికి రెండంగుళాల దూరంలో ఉంది. 30 మి.మీ. పిన్ను పట్టీలోంచి నేరుగా ప్లైలోకే పోవాలి. కానీ ఆ పిన్ను మందం మిల్లీమీటరుకి కాస్త అటూఇటూగా ఉంటుంది, మొన ఉలిలా చెక్కి ఉంటుంది. దారిలో టేకు ముడో, ప్లై పొరల్లో గట్టి చోటో, ఇంతకుముందు కొట్టిన పిన్నో స్క్రూవో తగిలిందంటే వంగి పక్కకి తిరుగుతుంది. లోపలే గుండ్రంగా తిరిగి ప్లై అడుగు నుంచి బయటికొస్తుంది, అక్కడ మీ చూపుడువేలు ఉంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది, చెయ్యి లాక్కుందామనుకునే లోపే.

కాబట్టి మొదటి కొలత ఇది: పిన్ను పడే చోటికి రెండో చెయ్యి కనీసం 12 అంగుళాలు, అంటే జానెడు కాదు, అడుగు దూరంలో ఉండాలి. పని చోట భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థలు ఓషా, నయోష్ కలిసి 2011లో ఇచ్చిన గైడ్‌లో ఉన్న దూరమే ఇది. చిన్న ముక్క పట్టుకోవాలంటే అడుగు దూరం ఎలా కుదురుతుందని అడుగుతారు. కుదరనప్పుడు చేత్తో పట్టుకోకూడదు, అంతే. క్లాంపు బిగించండి, లేదంటే మాస్కింగ్ టేపుతో పట్టీని రెండు మూడు చోట్ల అతికించి గమ్ కాస్త పట్టేదాకా ఆగండి, లేదా ఇంకో చెక్క ముక్కతో నొక్కి పట్టుకోండి. పొడవాటి బీడింగ్ అయితే ముందు చేతికి దూరంగా ఉన్న చివర ఒక పిన్ను కొట్టేస్తే పట్టీ ఇక కదలదు. ప్లై అడుగున, వెనక వేళ్లు పెట్టడం మాత్రం పూర్తిగా మానేయండి, కంటికి కనపడని చోట ఉన్న వేలే ముందు దెబ్బ తింటుంది.

పిన్ను పొడవు ఎంచుకోవడం కూడా ఇందులో భాగమే. పై ముక్క మందానికి మూడు రెట్లు అని ఒక లెక్క ఉంది: 6 మి.మీ. బ్యాక్ ప్లైకి 20 మి.మీ. పిన్ను దగ్గర్లో సరిపోతుంది, 10 మి.మీ. పట్టీకి 30. అయితే రెండు ముక్కల మొత్తం మందం కన్నా పిన్ను కచ్చితంగా పొట్టిగా ఉండాలి. 18 మి.మీ. ప్లై మీద 18 మి.మీ. ప్లై పరిచి కొడుతుంటే మొత్తం 36, అక్కడ మూడు రెట్ల లెక్క వదిలేసి 30 మి.మీ. పిన్నే వాడాలి. డబ్బాలో 50 మి.మీ. పిన్నులు ఉన్నాయి కదా, గట్టిగా పడుతుందిలే అనుకుంటే అవతలి వైపు మొన తేలుతుంది. పైగా పొడవు పెరిగేకొద్దీ పక్కకి తిరిగే అవకాశమూ పెరుగుతుంది. కొత్త రకం చెక్కో బోర్డో చేతికొచ్చినప్పుడు అదే మందం తుక్కు ముక్క మీద నాలుగు కొట్టి చూడండి. పిన్ను ఒకే పక్కకి తేలుతుంటే గన్నుని తొంభై డిగ్రీలు తిప్పి పట్టుకుని మళ్లీ కొడితే ఎటు తిరుగుతోందో మీకే తెలుస్తుంది, అసలు పనిలో ఆ ప్రకారం పట్టుకోవచ్చు.

ఇక ట్రిగ్గర్. చాలా బ్యాటరీ గన్నుల్లో రెండు పద్ధతులుంటాయి, ఒక చిన్న స్విచ్చుతో మార్చుకోవచ్చు. సీక్వెన్షియల్ అనే పద్ధతిలో ముందు ముక్కు చెక్కకి నొక్కాలి, ఆ తర్వాత ట్రిగ్గర్ లాగాలి, ఒక పిన్ను పడుతుంది. ఇంకోటి పడాలంటే ట్రిగ్గర్ వదిలి, గన్ను ఎత్తి, మళ్లీ మొదట్నుంచీ చేయాలి. రెండోది కాంటాక్ట్ పద్ధతి, దీన్నే బంప్ అంటారు. ట్రిగ్గర్ లాగి పట్టుకుని ముక్కుతో చెక్కని తడుతూ పోతే తట్టిన ప్రతిచోటా పిన్ను పడుతుంది. వేగం బాగుంటుంది. కానీ ట్రిగ్గర్ మీద వేలు నొక్కి ఉండగా ముక్కు దేనికి తగిలినా పడుతుంది: మోకాలికి, పక్కన మనిషి భుజానికి, దేనికైనా. ఇంకో చిక్కు ఏంటంటే కొట్టినప్పుడు గన్ను వెనక్కి తన్నుతుంది, మనం దాన్ని మళ్లీ నొక్కుతాం, ఆ నొక్కుడికి ముక్కు ఇంకోసారి తగిలి మనం అనుకోని రెండో పిన్ను పడుతుంది. ఆ రెండోది మొదటి పిన్ను తలకి తగిలి ఎటుపోతుందో చెప్పలేం. సీక్వెన్షియల్‌తో పోలిస్తే కాంటాక్ట్ ట్రిగ్గర్‌తో గాయపడే ప్రమాదం రెట్టింపు అని ఆ 2011 గైడే చెబుతోంది.

నా మాట వింటే ఇంటి పనికి కాంటాక్ట్ పద్ధతి అసలు అక్కర్లేదు. బీడింగులో పిన్ను పిన్నుకీ ఎలాగూ జాగా చూసుకునే కొట్టాలి, అక్కడ వేగంతో పనేముంది? స్విచ్చు సీక్వెన్షియల్‌లో పెట్టి వదిలేయండి. వేరేవాళ్ల గన్ను తీసుకున్నప్పుడు మాత్రం అది ఏ పద్ధతిలో ఉందో ముందు చూడండి. చూడటం కష్టం కాదు. బ్యాటరీ తీసేసి, పిన్నులు తీసేసి, ముక్కుని తుక్కు చెక్క మీద నొక్కి వదలండి, అడ్డం లేకుండా లోపలికి వెళ్లి స్ప్రింగుతో బయటికి రావాలి. గమ్ము, రంపపు పొట్టు పట్టుకుని అది లోపలే ఇరుక్కుంటోందంటే ఆ గన్ను వాడకండి, శుభ్రం చేశాకే వాడండి. ఆ తర్వాత పిన్నులు, బ్యాటరీ పెట్టి, గన్ను కిందికి తిప్పి, ముక్కు దేనికీ తగలకుండా ట్రిగ్గర్ లాగండి: ఏమీ పడకూడదు. అలాగే లాగి పట్టుకుని తుక్కు ముక్క మీద ఆనించండి, సీక్వెన్షియల్‌లో ఉంటే ఇప్పుడూ పడకూడదు. కొన్ని గన్నుల్లో ముక్కు నొక్కగానే లోపల చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, అది మామూలే. కొన్నిట్లో ఆ చప్పుడు కూడా ఉండదు, లోపలి సిలిండర్లో గాలి ముందే నొక్కి ఉంటుంది, ట్రిగ్గర్ లాగగానే కొడుతుంది. ముక్కు ఎప్పుడూ నొక్కి ఉండేలా రబ్బరు బ్యాండో టేపో చుట్టి వాడేవాళ్లుంటారు. అలా చుట్టిన గన్నుని చేత్తో కూడా ముట్టుకోకండి, ఎంత తెలిసిన మేస్త్రీ ఇచ్చినా సరే.

కొట్టే క్షణం తప్ప మిగతా సమయమంతా వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. నడిచేటప్పుడు, నిచ్చెన ఎక్కేటప్పుడు, పట్టీ సరిచేసేటప్పుడు, ఫోన్ మోగినప్పుడు. ఇంకొకరికి గన్ను అందించకండి, కింద పెట్టండి, వాళ్లే తీసుకుంటారు.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. ఎయిర్ గన్ కేజీ, కేజీంపావు ఉంటే బ్యాటరీ గన్ రెండున్నర కేజీల పైమాటే. తలపైకి ఎత్తి సీలింగ్ బీడింగ్ కొడుతుంటే కాసేపటికి మణికట్టు వాలిపోతుంది, గన్ను ఏటవాలుగా తిరుగుతుంది, పిన్ను పక్కకి పోతుంది. చెయ్యి నొప్పెడుతున్నప్పుడు ఆగండి. నిచ్చెన మీద అందీ అందనట్టు సాగి కొట్టేబదులు దిగి నిచ్చెన జరుపుకోండి, వీలైతే గుర్రాలు (కాళ్ల స్టాండ్లు) వేసి వాటి మీద పలక పరుచుకుని నిలబడి చేయండి. వార్డ్‌రోబ్ లోపల దూరి కొట్టేటప్పుడు మొహం గన్ను వెనక నేరుగా పెట్టకండి, వెనక్కి తన్నిందంటే నుదుటికి తగులుతుంది.

చెక్కకి అవతల ఏముందో కూడా తెలియాలి. జిప్సం పార్టిషన్‌లో లోపల ఫ్రేము లేని చోట కొడితే పిన్ను నేరుగా అవతలి గదిలోకి పోవచ్చు, అటువైపు పిల్లలు లేరని చూసుకోండి. గోడకి కొట్టే ప్యానెల్ అయితే స్విచ్ బోర్డుకి నేరుగా పైనా కిందా కన్సీల్డ్ వైరు పైపు ఉండే అవకాశం ఎక్కువ, ఆ వరసలో పిన్ను కొట్టకండి, అనుమానం ఉంటే ఆ గదికి కరెంటు ఎంసీబీ ఆపేసి చేయండి.

సేఫ్టీ కళ్లద్దాలు పక్కల కూడా మూసి ఉండేవి పెట్టుకోండి, పవర్ కళ్లద్దాలు ఉన్నాయిగా అని సరిపెట్టుకోకండి. మీ పక్కన ముక్క పట్టుకున్న హెల్పర్‌కీ ఒక జత ఇవ్వండి, పిన్ను విరిగితే ముక్క ఎవరి వైపు ఎగురుతుందో తెలీదు. హవాయి చెప్పులతో ఈ పని వద్దు, బూట్లు వేసుకోండి. లోపలి గదిలో రోజంతా కొడుతుంటే చెవులకి ప్లగ్గులు పెట్టుకోండి.

పిన్ను ఇరుక్కున్నప్పుడు ఇలా చేయండి. వేలు ట్రిగ్గర్ మీంచి తీయండి. బ్యాటరీ ఊడదీసి జేబులోనో దూరంగానో పెట్టండి. తర్వాత పిన్నులు పెట్టే మ్యాగజైన్ లాగి పిన్నుల పట్టీలన్నీ బయటికి తీయండి. అప్పుడే ముక్కు దగ్గరి లాచ్ తెరవండి. ఇరుక్కున్న పిన్నుని కటింగ్ ప్లేయర్‌తో లాగండి, వేలు పెట్టి కాదు. ఎందుకంటే బ్యాటరీ తీసేసినా, పిన్నుని కొట్టే బ్లేడు సగంలో ఆగి ఉంటే దాని వెనక స్ప్రింగు బలమో గాలి ఒత్తిడో ఇంకా ఉండొచ్చు, పిన్ను రాగానే అది ఒక్కసారిగా ముందుకొస్తుంది. గన్ను ముక్కు మీ వైపు, ఇంకొకరి వైపు తిప్పి ఈ పని చేయకండి. ఎంతకీ రాకపోతే మాన్యువల్ చూడండి, సుత్తితో కొట్టి తెరవాలని చూస్తే గన్నే పాడవుతుంది. లాచ్ మూశాక పిన్నులు, బ్యాటరీ పెట్టి, తుక్కు మీద ఒకటి కొట్టి చూసి మళ్లీ పనిలోకి దిగండి.

పిన్ను పూర్తిగా దిగకుండా కాస్త పైకి ఉండిపోతే దాని మీదే ఇంకోటి కొట్టకండి. నెయిల్ పంచ్ (మేకు తల మీద ఆనించే ఇనుప పుల్ల) పెట్టి సుత్తితో దించండి, తర్వాత పిన్ను ఎంత లోతు దిగాలో మార్చే డెప్త్ చక్రం ఒక మెట్టు తిప్పుకోండి.

టీకి వెళ్లినా, భోజనానికి వెళ్లినా బ్యాటరీ ఊడదీసే వెళ్లండి. మనుషులు కాపురం ఉంటున్న ఇంట్లో పని నడుస్తుంటే, పిల్లలకి ఇది అచ్చం బొమ్మ తుపాకీలా కనిపిస్తుంది, పైగా ట్రిగ్గర్ కూడా ఉంది. గన్ను పెట్టెలో, బ్యాటరీ వేరే చోట, రెండూ పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి.

ఇంత చూసుకున్నా పిన్ను దిగబడిందనుకోండి. ముందు గన్నుకి బ్యాటరీ తీయించండి. పిన్ను వేలి కీలులోనో, ఎముకలోనో, ఛాతీ, మెడ లాంటి చోటో లోతుగా ఉంటే లాగకండి, కదలకుండా చుట్టూ శుభ్రమైన గుడ్డ పెట్టి ఆసుపత్రికి వెళ్లండి, ఛాతీ, మెడ, తల అయితే వెంటనే 108కి ఫోన్ చేయండి. కంటికి తగిలితే రుద్దొద్దు, కడగొద్దు, నొక్కొద్దు, కన్ను మీద ఒత్తిడి పడకుండా ఒక పేపర్ కప్పు అడ్డం పెట్టుకుని కంటి ఆసుపత్రికి పోవాలి. పైకి చుక్కంత రంధ్రమే కనిపించినా, రక్తం రాకపోయినా డాక్టరుకి చూపించండి, లోపల నరమో కీలో దెబ్బ తిన్నదీ లేనిదీ బయటికి తెలీదు, ఎక్స్‌రే అవసరం పడొచ్చు, టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా అడుగుతారు. వెళ్లేటప్పుడు అదే డబ్బాలోంచి ఒక పిన్ను కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, లోపల ఉన్నది ఎంత పొడవో, మొన ఎలా ఉందో, దాని మీద జిగురు పూత ఉందో లేదో డాక్టరు చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు.