చార్లెస్టన్‌ని మూడు రోజుల్లో సరిగ్గా చూడటం ఎలా?

షార్లెట్, రాలీ, అట్లాంటాల్లో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌కి కారు తీస్తారు. షార్లెట్ నుంచి మూడున్నర గంటలు, అట్లాంటా నుంచి ఐదు గంటల దారి. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఒకటే. రంగురంగుల ఇళ్ళ ముందు ఫొటోలు, గుర్రబ్బండి మీద ఓ చుట్టు, ఏదో ఒక ప్లాంటేషన్‌లో ఓక్ చెట్ల కింద మళ్ళీ ఫొటోలు, ఆదివారం రాత్రికి ఇల్లు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ కూడా అలాగే తిప్పి తీసుకొచ్చేస్తారు. ఇంతింత మేడలు ఏ డబ్బుతో లేచాయిరా అని పెద్దాయన అడిగితే కారులో ఎవరి దగ్గరా జవాబుండదు.

జవాబు వరి. 1670లో ఇంగ్లిష్‌వాళ్ళు వచ్చి దిగిన ఈ ఊరు 18వ శతాబ్దంలో అంత సంపన్నమైందంటే అది వరి వల్ల, దాని తర్వాత నీలిమందు వల్ల. పండించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు. వాళ్ళలో చాలామంది తమ గడ్డ మీద వరి పండించినవాళ్ళే. చూపించే వరస సరిగ్గా ఉంటే కృష్ణా, గోదావరి డెల్టాల పెద్దవాళ్ళకి ఈ ఊరు గైడు చెప్పకుండానే సగం అర్థమవుతుంది. ఆ వరసే కింద రాస్తున్నాను. దాన్ని తారుమారు చెయ్యకండి.

బయల్దేరే ముందు

మార్చి చివరి నుంచి ఏప్రిల్ దాకా, లేదా అక్టోబర్, నవంబర్‌లో వెళ్ళండి. జులై నాలుగు సెలవుకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు, ఆ ఉక్కకి మనిషి నిలబడలేడు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో తుపాను భయం ఉంటుంది. 1989 సెప్టెంబర్‌లో హ్యూగో ఇక్కడే తీరం దాటింది. టోపీ, నీళ్ళ సీసా, దోమల మందు, మెత్తటి బూట్లు చాలు. చీర కట్టుకున్నా సరే, అమ్మ కాళ్ళకి బూట్లే ఉండాలి. పాత వీధుల్లో పరిచిన గుండ్రాళ్ళ మీద చెప్పులు జారతాయి.

ఫోన్‌లో చార్లెస్టన్ హార్బర్ పోటు వేళలు కూడా చూసి పెట్టుకోండి. పోటు 7 అడుగులకి చేరితే చినుకు లేకపోయినా పల్లపు వీధుల్లోకి సముద్రం వచ్చేస్తుంది. సిటీ మార్కెట్ పక్క వీధులు ఒకప్పటి కాలవని పూడ్చి వేసినవి కాబట్టి అక్కడ త్వరగా నిండుతుంది. ఆ నీళ్ళలోంచి కారు పోనివ్వకండి, అది ఉప్పునీరు.

మొదటి రోజు: రేవు, సంత, బుట్టలు

ఊళ్ళోకి రాగానే ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంకి వెళ్ళండి. 2023 జూన్‌లో తెరిచారు. మామూలుగా సోమవారాలు మూసి ఉంటుంది, కాబట్టి లాంగ్ వీకెండ్‌లో ఆఖరి రోజుకి వాయిదా వేస్తే పోయినట్టే. టికెట్‌కి వేళ ఉంటుంది, ముందే కొనుక్కోండి. ఈ భవనం కట్టింది గాడ్స్‌డెన్స్ వార్ఫ్ అనే పాత రేవు మీద. ఆఫ్రికా నుంచి వచ్చిన ఓడలు వేలాదిమందిని దించింది ఇక్కడే. ఆ నేలని తాకకూడదని భవనాన్ని 13 అడుగుల ఎత్తున 18 స్తంభాల మీద నిలబెట్టారు. కిందున్న స్మారకవనానికి టికెట్ అక్కర్లేదు. అక్కడ పలచగా నీళ్ళు నిండి తీసే ఒక జాగా ఉంది. నీళ్ళు తీసినప్పుడు అడుగున, ఓడ అరలో పక్కపక్కనే కుక్కిన మనుషుల ఆకారాలు బయటపడతాయి. పిల్లల్ని అక్కడ పరుగెత్తనివ్వకండి. పక్కన నిలబెట్టి అదేమిటో చెప్పండి, పదేళ్ళ పిల్లకి అర్థమయ్యే విషయమే.

భోజనం చేసి చామర్స్ స్ట్రీట్‌లోని ఓల్డ్ స్లేవ్ మార్ట్‌కి వెళ్ళండి. 1856లో నగరం మనుషుల వేలంపాటల్ని బహిరంగ వీధుల్లో ఆపించింది. దయతో కాదు, అవి ఆగలేదు కూడా. ఇలాంటి మూసిన ఆవరణల్లోకి మారాయి. చిన్న మ్యూజియమే, ఎక్కువగా చదువుకోవాల్సింది ఉంటుంది, గంట చాలు.

అక్కడి నుంచి సిటీ మార్కెట్. టీషర్టులూ మిఠాయిలూ దాటి స్వీట్‌గ్రాస్ బుట్టలు అల్లే ఆడవాళ్ళ దగ్గర ఆగండి. వీళ్ళు గల్లా గీచీలు, ఆ బానిసల సంతతి. గడ్డిని పాయలుగా చుట్టలు చుడుతూ, పామెట్టో అనే తాటిజాతి చెట్టు ఆకు చీలికతో కుట్టుకుంటూ పోతారు. సూది ఉండదు. చెంచా కాడని సాగగొట్టి నున్నగా చేసిన ముక్కతో పాయల మధ్య సందు చేసి, అందులోంచి ఆకుని లాగుతారు. మధ్యమధ్య గోధుమరంగు చారలుగా కనిపించేది పైన్ చెట్టు ఆకు. ఈ అల్లిక అమెరికాలో మొదలైంది వరి తూర్పారబట్టే చేటలతోనే. మా ఇంటికొచ్చిన పెద్దావిడ ఎవరైనా ఆ వెడల్పాటి బుట్టని చూడగానే రెండు చేతుల్తో ఎత్తి చెరిగినట్టు ఊపి చూస్తుంది. ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. అయినా బేరమాడకండి. అరచేతిలో పట్టే బుట్టకి కూడా గంటలకొద్దీ పని ఉంటుంది. కొనలేకపోతే మెచ్చుకొని రండి, ఫొటోకి మాత్రం అడిగి తీయండి.

రాత్రి తిండి విషయంలో శాకాహారులకి ఒక మాట. ఇక్కడ హాపిన్ జాన్ అంటే బొబ్బర్లన్నం, ఓక్రా సూప్ అంటే బెండకాయ పులుసు జాతే, కాలర్డ్ గ్రీన్స్ అంటే ఆకుకూర. పేర్లు చూసి సంబరపడి ఆర్డర్ చెయ్యకండి. వీటిలో చాలావాటికి రుచి పంది మాంసంతోనే వస్తుంది. ‘వెజిటేరియనా’ అని అడిగితే చాలదు, పోర్క్, బేకన్, హామ్ ఏవైనా పడ్డాయా అని విడివిడిగా అడగండి.

రెండో రోజు: ఫోర్ట్ సమ్టర్ పడవ

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఫోర్ట్ సమ్టర్ అనే కోట చార్లెస్టన్ హార్బర్ ముఖద్వారంలో, నీళ్ళ మధ్య ఉంది. కారు పోదు. నేషనల్ పార్క్ సర్వీస్ అనుమతి ఉన్న పడవలోనే వెళ్ళాలి. ఆ పడవలు రెండు రేవుల నుంచి బయల్దేరతాయి. ఒకటి ఊళ్ళోనే, మ్యూజియంకి ఆనుకొని ఉన్న లిబర్టీ స్క్వేర్. రెండోది కూపర్ నదికి అవతల, మౌంట్ ప్లెజంట్‌లోని పేట్రియట్స్ పాయింట్. రెంటికీ మధ్య రావెనెల్ వంతెన ఉంది. ఒక రేవులో టికెట్ కొని ఇంకో రేవుకి వెళ్ళేవాళ్ళని ప్రతి సెలవులోనూ చూస్తాను. అటు వెళ్ళి తప్పు తెలుసుకొని, కారు తీసి, వంతెనెక్కి, మళ్ళీ పార్కింగ్ వెతుక్కునేసరికి పడవ నీళ్ళలో ఉంటుంది. అది మీ కోసం ఆగదు. సెలవురోజుల్లో తర్వాతి పడవలో ఐదుగురికి చోటు దొరకడం కష్టం.

కాబట్టి టికెట్ కొనేటప్పుడే రేవు పేరు పైకి చదవండి. కొన్నాక ఇంట్లో ఇంకొకరితో చదివించండి. రెండు కార్లలో వెళ్తుంటే రెండో కారువాళ్ళకి టికెట్ ఫొటో పంపండి, ‘ఫోర్ట్ సమ్టర్ దగ్గర కలుద్దాం’ అని మాత్రం అనకండి. ఫోన్ మ్యాప్‌లో కోట పేరు కొట్టొద్దు. కోట పేరు కొడితే అది కోటకి దగ్గరి నేల ఎటుందో చూసుకొని సల్లివన్స్ ఐలాండ్ వైపు లాక్కెళ్ళినా ఆశ్చర్యం లేదు. అక్కడున్నది ఫోర్ట్ మౌల్ట్రీ. అదీ మంచి కోటే, కారులోనే వెళ్ళొచ్చు, కానీ మీరు టికెట్ కొన్నది దానికి కాదు. టికెట్ మీదున్న రేవు చిరునామానే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి.

నా లెక్కలో ఎక్కాల్సింది లిబర్టీ స్క్వేర్ నుంచే, అదీ రోజు మొదటి పడవ. పక్కనే అక్వేరియం గరాజ్ ఉంది, నిన్న మ్యూజియంకి వచ్చినప్పుడు కారు పెట్టిన చోటే. దారి తెలిసిపోయి ఉంటుంది. మొదటి పడవలో వెళ్ళినవాళ్ళకి కోట మీద జెండా ఎగరేయడంలో చెయ్యి వేసే అవకాశం దొరుకుతుంది, పిల్లలకి అది జీవితాంతం గుర్తుంటుంది. ఎండా తక్కువ. బయల్దేరే వేళ కాలాన్నిబట్టి మారుతుంది, అరగంట ముందు రేవులో ఉండండి. లోపల చూడ్డానికి చిన్న ప్రదర్శన ఉంది, ఆ అరగంట వృథా కాదు.

పోనూ రానూ చెరో అరగంట, కోటలో గంట, మొత్తం రెండుంపావు గంటల పని. కోటలో హోటల్ ఉండదు. పడవలో చిరుతిళ్ళు అమ్ముతారు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ముందే తిని ఎక్కాలి. డెక్ మీద గాలి గట్టిగా కొడుతుంది. పమిట చెంగు దోపుకోమనండి, టోపీకి తాడుండాలి.

ఆ గంటని సెల్ఫీలకి ఇచ్చేయకండి. దిగగానే రేంజర్ చెప్పే నాలుగు మాటలు వినండి. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున ఈ కోట మీద పడ్డ గుండ్లతో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. 34 గంటలు కాల్పులు జరిగినా ఆ పోరులో ఒక్కరూ చావలేదు. తర్వాతి నాలుగేళ్ళలో చచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. అప్పట్లో మూడంతస్తులుగా లేచిన గోడల్లో ఇప్పుడు మిగిలింది కింది వరస. ఆ ఇటుకల్లో దిగబడి అలాగే ఉండిపోయిన గుండ్లున్నాయి, ముందు వాటిని చూడండి. మధ్యలో నల్లగా కనిపించే కాంక్రీటు దిమ్మ ఆ యుద్ధానిది కాదు, 1898-99లో కట్టింది. దాని ముందు నిలబడి ‘ఇక్కడే మొదలైంది’ అని పిల్లలకి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. లోపలి మ్యూజియంని చివరి పది నిమిషాలకి ఉంచుకోండి.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలకి రాబర్ట్ స్మాల్స్ కథ చెప్పండి. 1862 మే 13న తెల్లారకముందే, దక్షిణాది తిరుగుబాటు సైన్యం వాడుతున్న ప్లాంటర్ అనే ఓడని ఇదే నీళ్ళలోంచి బయటికి నడిపించిన బానిస ఆయన. కెప్టెన్ గడ్డిటోపీ పెట్టుకొని, కోట ముందు ఇవ్వాల్సిన సంకేతం ఇచ్చి, ఫిరంగుల కిందనుంచే భార్యాపిల్లల్నీ తోటివాళ్ళనీ దాటించాడు. తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. సినిమా చూపించినట్టు చెప్పండి, వింటారు.

మధ్యాహ్నం నడక టూర్ తీసుకోండి. గుర్రబ్బండి వద్దు. బండ్లు ఏ దారిలో వెళ్ళాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. ట్రాఫిక్ ఒకే వీధి మీద పడకుండా నగరం పెట్టిన పద్ధతి అది, మంచిదే. కానీ మీరు చూడాలనుకున్న వీధి మీ బండికి పడుతుందన్న హామీ లేదు. 95 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి బండ్లు ఆపేస్తారు కూడా. నడిస్తే గైడుని ప్రశ్నలడగొచ్చు. గైడుకి లైసెన్స్ ఉండాలన్న నియమాన్ని 2018లో కోర్టు కొట్టేసింది. ఎవరైనా గైడు కావచ్చు కాబట్టి బుక్ చేసే ముందే వాళ్ళ అనుభవం అడగండి. బానిసల గురించి చెప్తారా అని కూడా అడగండి. నీళ్ళు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

కాల్హౌన్ స్ట్రీట్‌లో మదర్ ఇమాన్యుయెల్ చర్చి ముందు ఓ నిమిషం నిలబడండి. 2015 జూన్ 17న బైబిలు చదువుకుంటున్న తొమ్మిదిమందిని అక్కడ కాల్చి చంపారు.

మూడో రోజు: ఇళ్ళు, పొలం

రెయిన్‌బో రో అనే రంగురంగుల వరసలోని 13 ఇళ్ళు ఈస్ట్ బే స్ట్రీట్‌లో తూర్పుముఖంగా ఉంటాయి. ఫొటోకి పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నమైతే ముఖాలు నీడలో పడతాయి. రంగులు 1931 నుంచి మొదలయ్యాయి, ఇళ్ళు మాత్రం 18వ శతాబ్దానివి. అక్కడి నుంచి బ్యాటరీ అనే నీటి ఒడ్డు నడకదారి దాకా నడవండి. దారిలో సింగిల్ హౌస్‌లని గమనించండి. వీధివైపు ఒక్క గది వెడల్పే ఉంటుంది, వీధి తలుపు తీస్తే ఇల్లు కాదు, పక్కనున్న పొడవాటి వసారా వస్తుంది. గోడల మీద ఇనప బిళ్ళలు కనిపిస్తే అవి 1886 భూకంపం తర్వాత గోడలు విడిపోకుండా వేసిన కడ్డీల చివరలు.

ఆపైన ప్లాంటేషన్. ఒక్కటే చూడండి, మిడిల్టన్ ప్లేస్ చూడండి. ఓక్ చెట్ల బాట కోసం అందరూ పరుగెత్తే బూన్ హాల్‌లో ఇప్పుడు కనిపించే మేడ 1936లో కట్టింది. అక్కడ అసలైనవి బానిసల ఇటుక గుడిసెలు. దయచేసి వాటి ముందు ప్రీవెడ్డింగ్ షూట్లు పెట్టుకోకండి. మిడిల్టన్‌లో 1741 నాటి తోటతోపాటు ప్రదర్శన కోసం ఉంచిన చిన్న వరిమడి ఉంది. గట్టుకి అడ్డంగా ఉన్న చెక్క తూముని చూపించండి. రెండు చివరలా వేలాడే తలుపులుంటాయి. పోటు ఎక్కినప్పుడు నదిలోని మంచినీరు పైకి తేలి వెనక్కి తన్నుకొస్తుంది, దాన్ని మడిలోకి వదులుతారు. పాటు తీసినప్పుడు మడిలో నీళ్ళు బయటికి తీస్తారు. ఉప్పునీరు ఎక్కిందంటే పంట పోయినట్టే. ఆ చిత్తడిలో, పాములూ మలేరియా దోమల మధ్య, మైళ్ళకొద్దీ గట్లు వేసింది ఎవరో అప్పుడు చెప్పండి. పొలం చేసిన మనిషికి ఆ శ్రమ లెక్క కట్టడం ఇంకొకరు నేర్పక్కర్లేదు.

తోటకి మూడు గంటలు పెట్టుకోండి, మధ్యాహ్నం రెండున్నరకల్లా కారెక్కండి. సెలవు ఆఖరి సాయంత్రం సముద్రం ఒడ్డునుంచి జనమంతా కొలంబియా వైపు ఐ-26 మీదికే వస్తారు. ఆలస్యమైతే షార్లెట్ మూడున్నర గంటల్లో రాదు.