బగ్గీ టాపు పని – మూడో పాఠం: మోచేయి జాయింటు

గత పాఠంలో కమాన్లు వంచి, వాటి కాళ్ళకు ఉక్కు సాకెట్లు తొడిగి, మూడింటినీ సీటు పక్కన ఒకే మూల బోల్టు మీద నిలబెట్టాం. ఇప్పుడు పక్కనుంచి చూస్తే విసనకర్ర విప్పినట్టుంటుంది. చెయ్యి తీస్తే మాత్రం ముందుదో వెనకదో ధన్‌మని పడుతుంది. వాటిని నిలబెట్టేవీ, దించాలనుకున్నప్పుడు పడనిచ్చేవీ జాయింట్లే. ఈ పాఠమంతా వాటి గురించే.

కొత్తగా చేరినవారికి రెండు మాటలు. మనం నేర్చుకుంటున్నది 1890ల నాటి అమెరికన్ బగ్గీ టాపు, అంటే గుర్రపు బండికి మడిచి దించే కప్పు. ఆ రోజుల్లో మిషిగన్‌లోని ఫ్లింట్, ఒహాయోలోని సిన్సినాటి లాంటి ఊళ్ళు వీటిని వేలకొద్దీ తయారు చేశాయి. కమాను అంటే ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు అనుకునేరు. ఇక్కడ కమాను అంటే టాపుకి పక్కటెముకలా నిలిచే వంచిన కర్ర, గూడుబండికి ఉండేలాంటిది. మన జట్కాకి ఈ పాఠంతో పనిలేదు, దాని గూడు కదలదు. పసిపిల్లల తోపుడు బండి టాపుకి పక్కన చిన్న ఇనుప మోచేయి ఉంటుంది చూడండి, అదీ ఇదీ ఒకటే సూత్రం.

ఒక్కో పక్క రెండు జాయింట్లు, ఒక్కోటి మధ్యలో మోచేయిలా మడిచే రెండు ఇనుప ముక్కలు. పై జాయింటు ముందు కమానుకీ వెనక కమానుకీ మధ్య ఉంటుంది. కింది జాయింటు వెనక కమాను నుంచి సీటు వెనక తిరిగే ఇనుప కమ్మీ దాకా దిగుతుంది. సాకెట్ల నుంచీ, కమ్మీ నుంచీ బయటికి పొడుచుకొచ్చిన పిన్నులకు వీటి చివర్లు తగిలించి, మరనట్టు బిగిస్తారు. వెనక కమాను పిన్ను మీద రెండు జాయింట్ల చివర్లూ ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి కాబట్టి ఆ పిన్ను కాస్త పొడుగ్గా ఉండాలి. నడిమి కమానుకి జాయింటు లేదు. దాన్ని చోటు కదలకుండా పట్టేది పైన బిగించిన తోలూ, దాని కింది పట్టీలూ మాత్రమే.

ఇందులో రెండు త్రిభుజాలున్నాయి. మూల బోల్టు, ముందు పిన్ను, వెనక పిన్ను కలిస్తే ఒకటి. మూల బోల్టు, వెనక పిన్ను, కమ్మీ పిన్ను కలిస్తే రెండోది. జాయింట్లు సూటిగా ఉన్నంతసేపు రెండూ కదలని త్రిభుజాలు. పై జాయింటు ఒక్కటే విరిస్తే, అంటే మోచేతి దగ్గర మడిస్తే, ముందు కమాను వెనకదాని మీదికి వచ్చి వాలుతుంది, వెనకది నిలబడే ఉంటుంది. కింది జాయింటు ఒక్కటే విరిస్తే విసనకర్ర మొత్తం విప్పింది విప్పినట్టే వెనక్కి ఒరుగుతుంది. ఇది మనసులో నిలిస్తే సగం పాఠం వచ్చినట్టే. ఏ జాయింటు దేన్ని ఆపుతోందో తెలియకుండా చెయ్యి పెట్టేవాళ్ళే సాకెట్లు వంచుతారు.

ఇక జాయింటు ఎందుకు బిగుస్తుందో చూద్దాం. 10 సెంటీమీటర్ల అట్టముక్కలు రెండు తీసుకుని ఒక చివర గుండుసూదితో కలపండి. మిగతా రెండు చివర్లను బొటనవేళ్ళతో లోపలికి నెడుతూ మోచేతిని ఆ రెండు చివర్లనూ కలిపే గీతకు రవ్వంత పైన ఉంచితే అది పైకి మడిచిపోతుంది. రవ్వంత కింద ఉంచితే కిందికి మడిచిపోతుంది. ఇప్పుడు కింద అడ్డుగా ఒక పెన్సిలు పెట్టండి. మోచేయి దిగి పెన్సిలు మీద ఆనుతుంది, ఎంత నెట్టినా ఇంకా గట్టిగా ఆనుతుందే తప్ప జారదు. టాపు మీద లాగి బిగించిన తోలు ముందు వెనక కమాన్లను దగ్గరికి గుంజుతూ సరిగ్గా ఈ బొటనవేళ్ళ పని చేస్తుంది. పెన్సిలు పని జాయింటులోని అడ్డు చేస్తుంది, అంటే రెండు ముక్కలూ కలిసేచోట ఒకదాని భుజం రెండోదానికి తగిలే మెట్టు. ఈ పాఠంలో పై జాయింటును గీతకు కింద బిగిసేలా పెడుతున్నాం. అలా పెడితే ఇనుము బరువు కూడా బిగింపుకే సాయపడుతుంది. విరవాలంటే అరచేత్తో కింద నుంచి పైకి కొట్టాలి.

గీత అంటే పిన్ను నుంచి పిన్నుకు గీసిన గీత, ఇనుప కడ్డీ వంపు కాదు. అందం కోసం కడ్డీని పాములా వంచినా మూడు పిన్నుల కేంద్రాలే లెక్క. లాండో అనే మడిచే టాపు గుర్రపు బళ్ళ మీద కనిపించే మెలికల ఇనుము అలాంటిదే. అమెరికాలో శవవాహనాల వెనక భాగానికి ఇప్పటికీ అదే మెలిక అలంకారంగా బిగిస్తున్నారు. అక్కడ అది దేన్నీ లేపదు, దించదు.

ఎంత దాటాలి? మన ఉదాహరణలో మూల బోల్టు నుంచి ముందు, వెనక పిన్నులు రెండూ 20 అంగుళాల దూరంలో, రెండు కమాన్ల మధ్య కోణం 60 డిగ్రీలు. కాబట్టి పిన్నుల మధ్య దూరం కూడా 20 అంగుళాలే, జాయింటులో ఒక్కో ముక్క 10 అంగుళాలు. మోచేయి గీతకు పావు అంగుళం కింద ఆగేలా అడ్డు ఆకురాయితో సరిచేయండి. పావు అంగుళం దాటినందుకు పిన్నుల మధ్య తగ్గే దూరం అంగుళంలో దాదాపు 160వ వంతే, తోలు బిగువులో తేడా తెలియదు. అదే అంగుళం దాటనిస్తే పదో వంతు అంగుళం వదులవుతుంది. విరిచేటప్పుడు ఆ వదులంతా చేత్తో మళ్ళీ సాగదీయాలి. "ఎక్కువ దాటితే ఎక్కువ గట్టి" అనుకుని అడ్డు మరీ లోతుగా ఆకురాయి పట్టడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. ఇనుము తీసేశాక తిరిగి అతికించాలంటే కమ్మరి దగ్గరికి పోవాల్సిందే.

రెండో తప్పు, చివర్లో గుద్దడం. మోచేయి గీతకు రెండున్నర అంగుళాల పైన ఉన్నప్పుడు మీరు నొక్కిన బలానికి కడ్డీలో రెండింతల తోపు పుడుతుంది. అంగుళం దగ్గర ఐదింతలు, అర అంగుళం దగ్గర పదింతలు, పావు అంగుళం దగ్గర ఇరవై. ఐదు కిలోల నొక్కుడు పావు అంగుళం దగ్గర వంద కిలోల తోపవుతుంది. ఆ తోపంతా వెనక కమాను మీద తోలు పట్టిన మేకుల వరస భరించాలి. అందుకే చివరి అంగుళం అరచేత్తో మెల్లగా, ఆపకుండా నొక్కాలి. గుద్దితే మేకుల దగ్గర తోలు చిరుగుతుంది. ఆ చిరుగు బయటికి కనిపించదు, మొదటి వానకి లోపలి నుంచి కారుతుంది.

ఈ లెక్కనే తోలు బిగించేటప్పుడు మనకు అనుకూలంగా వాడుకోవచ్చు. మోచేతిని గీతకు అంగుళం పైన నిలిపి తోలు మేకులు కొట్టండి. తరవాత జాయింటు బిగిస్తే పిన్నుల దగ్గర పదో వంతు అంగుళం, రెట్టింపు ఎత్తులో ఉన్న కప్పు దగ్గర ఐదో వంతు అంగుళం సాగి తోలు నగారాలా బిగుస్తుంది. రెండంగుళాలు పైన నిలిపితే కప్పు దగ్గర ముప్పావు అంగుళం దాటుతుంది, అది ఏ తోలూ ఓర్చుకోదు.

కింది జాయింటు కొలత కాస్త వేరు. కమ్మీ పిన్ను మూల బోల్టుకి 12 అంగుళాలు వెనక ఉందనుకుందాం. టాపు లేచి ఉన్నప్పుడు కమ్మీకీ వెనక కమానుకీ మధ్య 70 డిగ్రీలు ఉంటే పిన్నుల దూరం పందొమ్మిదిన్నర. దించినప్పుడు 10 డిగ్రీలు మిగిలితే అదే దూరం ఎనిమిదిన్నరకు రవ్వంత తక్కువ. జాయింటు ముక్కలు రెండూ సమానంగా ఉండాలని రూలేమీ లేదు. కూర్చున్నవాడి చేతికి మోచేయి అందాలంటే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి చేసుకోవచ్చు. ఒక్క షరతు ఉంది: రెండు ముక్కల తేడా, మడిచినప్పటి పిన్నుల దూరం కన్నా ఎక్కువ కాకూడదు. ఏడున్నర, పన్నెండు పెట్టుకుంటే తేడా నాలుగున్నర, హాయిగా మడుస్తుంది. పై జాయింటుకి ఈ వెసులుబాటు తక్కువ. కమాన్లు దగ్గరికొచ్చినప్పుడు పిన్నుల మధ్య రెండంగుళాలే మిగిలితే తేడా కూడా రెండు దాటకూడదు. కొలతలు లెక్కతో వచ్చినా సరే, కమాన్లను సన్న బద్దలతో తాత్కాలికంగా నిలబెట్టి దారంతో ఒకసారి కొలవనిదే ఇనుము కొయ్యకండి. రెండు పక్కలా విడివిడిగా కొలవండి. చేత్తో వంచిన కమాన్లు ఎప్పుడూ కవలలు కావు.

టాపు దించేటప్పుడు ముందు గుర్రాన్ని ఎవరైనా కళ్ళెం దగ్గర పట్టుకోవాలి, వెనక ఏదో నల్లటిది పడితే అది బెదురుతుంది. పక్క తెరలు విప్పండి, వెనక తెర గుండీలు తీసి చుట్టండి. మరిచిపోతే తెర కమాన్ల కింద నలిగి, దానిలోని చిన్న అద్దం పగులుతుంది. తరవాత పై జాయింట్లు. రెండు పక్కలా ఒకేసారి విరవాలి. ఒక్కరే ఉంటే ఒక పక్క గీత దాటించి, కమానును కదలనివ్వకుండా, వెంటనే రెండో పక్క దాటించాలి. ఒక పక్క పూర్తిగా మడిచి రెండోది బిగిసే ఉంటే కమాను మెలిపడి సాకెట్టు వంగుతుంది. ముందు కమానును వెనక్కి తెస్తూ తోలు మడతను కమాన్ల మధ్య నుంచి పైకి లాగండి, నలగనివ్వకండి. ఆపైన కింది జాయింట్లు విరిచి, కమానును పట్టుకుని మెల్లగా వెనక దిమ్మ మీదికి దించండి.

కమానునే పట్టుకోమనడానికి కారణముంది. 15 కిలోల టాపు బరువు మూల బోల్టుకి 30 అంగుళాల దూరంలో కేంద్రమై ఉంటే, నిటారుగా ఉన్నప్పుడు చేతికి ఏమీ తెలియదు. అడ్డంగా వాలేసరికి, కమానును 30 అంగుళాల దగ్గర పట్టినవాడికి 15 కిలోలు తెలుస్తుంది. జాయింటు పిన్ను దగ్గర, అంటే 20 అంగుళాల దగ్గర పట్టినవాడికి ఇరవై రెండున్నర. మొదట తేలిగ్గా అనిపించి చివర్లో చేతుల్లోంచి జారేది ఇందుకే. జారితే మూల బోల్టు పక్కన సాకెట్టు కాలు వంగుతుంది, వేలు ఉంటే వేలు నలుగుతుంది. మోచేతి చుట్టూ వేళ్ళు ఎప్పుడూ చుట్టకండి, అరచేయి చాలు.

దించాక పటకాతో దిమ్మకు కట్టండి, కమాన్ల మధ్య తోలు మెత్తలు పెట్టండి. కట్టని టాపు గతుకుల్లో కమాను మీద కమాను రాసుకుని కొన్ని మైళ్ళకే తోలు మీద నల్లటి మెరుపు పోగొడుతుంది. తడి టాపు మడవకూడదు, బూజు పడుతుంది, మడతలు అంటుకుంటాయి. గడ్డకట్టే చలిలో ఎనామిలు తోలు మడిస్తే పెచ్చులుగా పగులుతుంది. బండి కొట్టంలో నిలిపినప్పుడు టాపు లేపే ఉంచి, మోచేతులను మాత్రం గీతకు కాస్త పైకి విరిచి ఉంచితే తోలుకి ఊపిరాడుతుంది.

లేపడం దించినదానికి తిరగబెట్టడమే, అంటే ముందు కింది జాయింట్లు పడాలి. అప్పుడే ముందు కమానును తోయడానికి వెనక ఆనుకునే గోడ దొరుకుతుంది.

లోపాల్లో ఎక్కువగా వచ్చేది నడుస్తుండగా దానంతట అదే విరిగే జాయింటు. జనం అడ్డును అనుమానిస్తారు, నేరం మాత్రం చాలాసార్లు తోలుది. తోలు సాగిపోతే కమాన్లను గుంజే బలం పోతుంది, గతుకులో మోచేయి గీత మీదికొచ్చి ఏ పక్కకైనా పడుతుంది. వెనక నుంచి గాలి కొట్టినా అంతే. దీనికి మందు తోలును వెనక కమాను మీద తిరిగి లాగి మేకులు కొట్టడం, లేదా కమ్మరి చేత కడ్డీని కాల్చి అంగుళంలో ఎనిమిదో వంతు సాగగొట్టించడం. పిన్నుల అరుగుదల కూడా చూడండి. మూడు పిన్నుల్లో ఒక్కోదానిలో 1/32 అంగుళం లూజున్నా మొత్తం 3/32 అవుతుంది, మనం కష్టపడి తెచ్చిన బిగువంతా దాదాపు తినేస్తుంది. చప్పుడు తగ్గడానికి మోచేతి లోపల కొవ్వులో నానబెట్టిన తోలు వాషరు వేస్తారు. నూనె పోయకండి, కారి రబ్బరు గుడ్డ మీద పడితే ఆ మేర గుడ్డ మెత్తబడి చీకిపోతుంది.

రెండు పక్కల మోచేతులను సీటు వెనక ఒక అడ్డ కడ్డీతో కలిపి, ఒకే లివరుతో విరిచే ఏర్పాట్లకు 19వ శతాబ్దంలో అమెరికాలో పేటెంట్లు తీసుకున్నారు. సీటు మీంచి దిగకుండా టాపు దించవచ్చన్నది వాటి ఆకర్షణ. రెండు జాయింట్ల గీతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తేనే అవి పనిచేస్తాయి. మొదటి టాపుకి మాత్రం వాటి జోలికి పోకండి.

వచ్చే పాఠంలో తోలు కోత. ఈలోగా ఒక పని చేయండి. అంగుళానికి సెంటీమీటరు చొప్పున కింది జాయింటు బొమ్మను అట్టతో చేసి, ముక్కలు ఐదు, పద్నాలుగున్నర పెట్టి మడవండి. తేడా తొమ్మిదిన్నర కాబట్టి టాపు 10 డిగ్రీల దాకా దిగదు. ఎక్కడ ఆగిందో కోణమాని పెట్టి చూడండి, 19 డిగ్రీల దగ్గర ఆగితే మీ పిన్నులు సరిగ్గా పడ్డట్టే.