సిగార్ ఒక పక్కే కాలుతుంటే

మాది కోనసీమ. తాతయ్య లంక పొగాకు చుట్ట చుట్టేముందు ఆకు కొస తుంచి నిప్పంటించి చూసేవాడు. నిప్పు నిదానంగా పాకుతూ పోతే సరే. మధ్యలో చచ్చి నల్ల మసి మిగిలితే "ఉప్పు నేల ఆకురా ఇది" అని అవతల పడేసేవాడు. ఆకులో క్లోరిన్ ఎక్కువైతే నిప్పు నిలవదనీ, పొటాషియం బాగా ఉంటే చక్కగా కాలుతుందనీ నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. ఇప్పుడు మలక్‌పేటలో మా డాబా మీద, బావమరిది దుబాయ్ నుంచి తెచ్చే సిగార్లకీ అదే లెక్క. (మా డాక్టరుగారికి అసలు ఈ లెక్కే గిట్టదు, ఆయన మాటా నిజమే.)

లోపల ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే బైండర్, పైన రాపర్. తేడా ఎక్కువగా ఫిల్లర్‌లోనే. మొక్క అడుగాకుని క్యూబా వాళ్లు వొలాడో అంటారు. పల్చన, రుచి అంతంతే, నిప్పు మాత్రం ఇట్టే అందుకుంటుంది. నడిమాకు సెకో, వాసన దానిది. పైఆకు లిహేరో. ఎండంతా తనే తాగి దళసరిగా, జిడ్డుగా ఉంటుంది. ఘాటంతా అందులోనే, కాలడానికి మాత్రం మహా బద్ధకం. అందుకే చుట్టేవాళ్లు దాన్ని సరిగ్గా నడిమధ్య పెడతారు. అది పక్కకి జరిగిందా, ఆ పక్క వెనకబడిపోతుంది.

అప్పుడు గబగబా పీల్చకండి, ఇంకా వంకర పోతుంది. వెనకబడిన వైపు కిందికి వచ్చేలా తిప్పి పట్టుకోండి. కింద గాలి బాగా తగిలి చాలాసార్లు తనే అందుకుంటుంది. రెండు మూడు నిమిషాలకీ మాట వినకపోతే, ఆ పక్కకి మాత్రమే అగ్గిపుల్ల సెగ చూపించండి.

లోపలంతా కాలి, పైన రాపర్ తొడుగులా మిగిలితే మాత్రం తప్పు తేమది. నల్లటి మడూరో రాపర్ దళసరి, తేమ వదలదు. నీడలో పెంచే కనెక్టికట్ ఆకు పల్చన, పొడికి పగులుతుంది. మన ఊళ్లో రెండు బాధలూ ఉన్నాయి. ఓ మే నెలలో చెక్క సొరుగులో పెట్టిన మూడు సిగార్లు అప్పడాల్లా విరిగాయి. ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, ఇంకా ఎండాయి. జులై ముసురులో ఏదీ అంటుకోదు. కాల్చే ముందు ఏసీ గదిలో గంట, రెండు గంటలు బయట ఉంచితే దారికొస్తుంది. సిగార్లు దాచే డబ్బాలో పల్చటి ఆకుకి 69 శాతం, జిడ్డాకుకి 65 శాతం తేమ నేను పెట్టుకున్న లెక్క.

తేమ మీటరుని గుడ్డిగా నమ్మొద్దు. ఆకులో పనికిరాని ఉప్పు ఇక్కడ పనికొస్తుంది. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు జిప్ కవర్లో రాత్రంతా మూసిపెట్టండి. పొద్దున్నకి 75 చూపాలి. నాది 71 చూపింది. ఎప్పుడు చూసినా నాలుగు కలుపుకుంటాను.